రాహుకాలం దాటాక

పోర్ట్ బ్లెయిర్,
జూలై

బావా,

ఫోన్లో మనం మాట్లాడుకునేది వింటే పక్కవాళ్ళు నవ్వుతారు. నేను "తిన్నావా" అంటాను, నువ్వు "ఊఁ" అంటావు. తర్వాత ఇద్దరం ఫాను చప్పుడు వింటూ కూర్చుంటాం. అదే కాగితం ముందు పెడితే నిన్ను ఆపేవాడు లేడు. మామయ్య చిన్నప్పటినుంచీ నీచేత వ్యాపారపు ఉత్తరాలు రాయించి రాయించి నీ మాటలన్నీ చేతిలోకి దించేసినట్టున్నాడు. అందుకే ఇక నేనూ ఉత్తరమే రాస్తాను. నోటితో చెప్పలేనివి నాకూ కొన్ని ఉన్నాయి.

"మిలిటరీలో ఉంటావు, తుపాకీ ముట్టవు, ఏం చేస్తావు ఆడ?" అని పోయినసారి అడిగావు కదా. తుఫాను రాకముందే వచ్చినట్టు ఊహించుకుంటాను. ఏ దీవిలో ఎంతమంది ఇళ్ళు పోతాయి, వాళ్ళకు ముందు ఏం కావాలి, అది ఎక్కడ దొరుకుతుంది, ఏ లారీలో హార్బరుకు వస్తుంది, ఓడలో ఎక్కడ పెట్టాలి, ఇదే నా పని. ఇందులో ఒక సూత్రం ఉంది. ముందు కావలసింది చివర ఎక్కాలి. అప్పుడే ఓడ తలుపు తెరవగానే అది ముందు దిగుతుంది. బియ్యం ఒక పూట ఆలస్యమైనా జనం ఓర్చుకుంటారు. వానలో తలమీద కప్పు లేకపోతే ఓర్చుకోలేరు. కాబట్టి నా ప్లానులో టార్పాలిన్లు అన్నిటికన్నా చివర ఎక్కుతాయి.

ఇక అసలు సంగతి. మా టార్పాలిన్లు ఎక్కడో దూరపు డిపోలో ఉంటాయి. మన జార్జి టౌన్ వీధిలో అయితే కొట్టుకొట్టుకూ గుట్టలే. కేక వేస్తే హార్బరుకు వినపడేంత దూరం. మీ వర్తక సంఘం ఉచితంగా ఇస్తామంటే, కబురు అందగానే లారీ బయలుదేరేలా ముందే రాసిపెట్టుకోవచ్చని చెప్పాను. మా ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు! మా పై అధికారి ఒక్కటే అడిగాడు, ఆ వర్తకుల పద్ధతులేమైనా మనం తెలుసుకోవాలా అని. "మా వాళ్ళే సార్, నాకు తెలియనివేమున్నాయి" అన్నాను గొప్పగా.

ఇంకో మాట. తర్వాత ఏ ఊరు కావాలో ఈ ఏడాది చివరికి రాసివ్వాలి. చెన్నైలో ఖాళీ ఉంది. ఇంకా రాయలేదు. నామీద కోపం తెచ్చుకోకు. రావాలనే ఉంది. కానీ ఇన్నేళ్ళు సెలవులకు వచ్చిపోయే మనిషిగా ఉండి, రేపు పూర్తిగా వచ్చేస్తే, మనిద్దరం చూలైలోని మన ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని ఏం మాట్లాడుకుంటామో తెలియడం లేదు. పిల్లలైనా ఉంటే వాళ్ళ గోల ఉండేది. నాకు భయంగా ఉంది బావా.

నీ భువన

*

జార్జి టౌన్, చెన్నై,
ఆగస్టు

లెఫ్టినెంట్ కర్నల్ భువనేశ్వరి గారి సముఖమునకు, వారి ఆయన కోదండరాం వ్రాయునది.

సెల్యూట్ కొట్టాననుకో.

నీ ప్లాను సంగతి సంఘంలో పెట్టాను. వెంకటపతి మామ కొట్లో సమావేశం. ఆయన సంగతి తెలుసుగా, సంఘంలో అందరికన్నా పెద్ద, గొంతు ఇంకా పెద్దది. "ఏమప్పా కోదండం, నీ పెండ్లాము అడిగిందని మేమంతా ఊరికే ఇచ్చేయాల్నా?" అని మొదలుపెట్టాడు. నేను నోరు తెరిచేలోపల ఆయనే, "ఇస్తాం పో! మన ఇంటి ఆడబిడ్డ ఓడకు సరుకు ఎక్కిస్తా ఉంది, మనం కాక ఎవరు ఇస్తారు? ఆయమ్మ ఈడ తాళ్ళ కట్టల మీద ఎగిరి దూకిన పిల్ల దా" అన్నాడు. అంతే, తలా కొన్ని బేళ్ళు రాయించారు. మన సెల్వం లారీకి కిరాయి వద్దన్నాడు.

మీ వాళ్ళు పెట్టిన రిహార్సల్ కూడా బుధవారం పొద్దున జరిగింది. సెల్వం తోపుడు బండ్లనీ, సిటీ బస్సునీ తిట్టుకుంటూ సందులోనుంచి బయటపడి, కాఫీ చల్లారేలోపల హార్బరు చేరిపోయాడు. మీ ఆఫీసరు ఒకాయన చేతిగడియారం చూసుకుని మురిసిపోయాడట.

ఇక ఇంటి సంగతి. ఏముంది రాయడానికి? ఒక్కడికి అన్నం వండడం నాకింకా రాలేదు. గుప్పెడు బియ్యం వేస్తే చాలదనిపిస్తుంది, రెండు వేస్తే మిగిలిపోతుంది. కింద వర్క్‌షాపులో రేకులు కొట్టే చప్పుడు ఆగిపోతే తోచదు. ఆదివారం అదీ ఉండదు. అందుకని ఆదివారం కూడా కొట్టుకు వెళ్ళి, షట్టరు సగం దించుకుని కూర్చుంటున్నాను. అడిగినవాళ్ళకు స్టాకు చూస్తున్నానని చెప్తాను.

ఏం మాట్లాడుకుంటామని భయం అన్నావు. మాట్లాడుకోకపోతే మానె. నువ్వు ఆ గదిలో ఉన్నావని తెలిస్తే చాలు, ఈ గదిలో నేను పేపరు చదువుకుంటాను. చెన్నై అని రాయి భువనా. నిన్ను బతిమాలడానికి నాకు సిగ్గేమీ లేదు.

బావ

*

జార్జి టౌన్, చెన్నై,
నవంబరు

భువనా,

తుఫాను మీ దీవులమీద పడిందని టీవీలో చూసిన దగ్గర్నుంచి ఫోను చేస్తూనే ఉన్నాను, కలవదు. నువ్వు క్షేమమని మీ ఆఫీసువాళ్ళు చెప్పారు కాబట్టి బతికాను. ఈ ఉత్తరం ఎప్పుడు అందుతుందో. అయినా మన వీధి గొప్పతనం నీకు నేనే చెప్పాలి, ఇంకెవరైనా చెప్తే ఊరుకోను.

సోమవారం తెల్లవారుతూనే మీ కబురు వచ్చింది. ఓడ మధ్యాహ్నంలోపల కదులుతుంది, ఎనిమిదింటికల్లా లారీ గేటు దగ్గర ఉండాలని. వీధి వీధంతా లేచింది. వెంకటపతి మామ పంచె ఎగ్గట్టి తనే బేళ్ళు దొర్లించాడంటే నమ్ము. ఏడూ ఇరవైకల్లా లారీ నిండింది. సెల్వం ఇంజను స్టార్ట్ చేశాడు.

అప్పుడు గుర్తొచ్చింది, సోమవారం! ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. సందు దాటేలోపల పట్టేస్తుంది.

వేరే రోజు, వేరే సరుకైతే పోనిచ్చేవాడినేమో. ఇది నువ్వు కలలు కని రాసుకున్న ప్లాను. నీ పేరుమీద గడప దాటుతున్న మొదటి సరుకు. సెల్వం తొందరపడ్డాడు. "అణ్ణా, తొమ్మిది దాటితే హార్బర్ ఆడ కంటైనర్ బండ్లు నిలిచిపోతాయి, ఇప్పుడే పోదాం" అని. "ఉండు పా, ఆయమ్మకు మంచి జరగాల" అని తాళంచెవి నేనే తీసుకుని జేబులో వేసుకున్నాను. తొమ్మిది కొట్టగానే గుమ్మడికాయ దిష్టి తీసి, కర్పూరం వెలిగించి, నిమ్మకాయలు తొక్కించి పంపాను. వీధిలో అందరూ చప్పట్లు కొట్టారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నువ్వు చూసి ఉండాల్సింది.

సెల్వం వచ్చి సరుకు హార్బరులో దించేశానన్నాడు. ఇంకేం, గండం గడిచినట్టే. ఆ టార్పాలిన్ల కింద ఎవరెవరు తలదాచుకున్నారో నువ్వు రాయాలి. వాటిమీద మన కొట్టు ముద్ర కూడా ఉంటుంది, చూశావా?

బావ

*

పోర్ట్ బ్లెయిర్,
డిసెంబరు

బావకు,

నీ ఉత్తరం అందింది. నేను క్షేమం. సహాయపు పని ఇంకా సాగుతోంది, తీరిక లేదు. సంఘంవాళ్ళందరికీ నా కృతజ్ఞతలు చెప్పు.

ఊరు రాసివ్వడానికి గడువు ఫిబ్రవరి దాకా పొడిగించారు. ఇంకా ఏమీ అనుకోలేదు.

వేళకు తిను.

భువనేశ్వరి

*

చూలై, చెన్నై,
జనవరి

భువనా,

నీ నాలుగు ముక్కల ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పను, నవ్వుతావు. "నీ భువన" అని రాసేదానివి, మొత్తం పేరు రాశావు. మా హోల్‌సేల్ ఏజెంట్లకు నేను రాసే ఉత్తరాల్లో ఇంతకన్నా తడి ఉంటుంది. నీకు చెన్నై రావడం ఇష్టం లేదు, ఆ మాట చెప్పలేక ఇలా రాశావని అనుకున్నాను. పండక్కి కూడా వండుకోలేదు. మెస్సులో తిని వచ్చి పడుకున్నాను.

నిన్నటిదాకా అలాగే అనుకున్నాను. నిన్న సెల్వం కొట్టుకు వచ్చాడు. టీ తాగుతూ, మాటల్లో మాటగా, "ఆ తార్పాయి బేళ్ళు రెండోసారి ఎక్కించేదానికి నన్నే పిలిచినారు అణ్ణా, షెడ్లో వారం తడిసినాయి" అన్నాడు. రెండోసారి ఏమిట్రా అంటే, మొదటి ఓడ మన సరుకు లేకుండానే పోయిందట. లారీ వెళ్ళేసరికి గేటు ముందు కంటైనర్ల వరసట. లోపలికి చేరేసరికి ఓడ తలుపు వేసేశారు. వెనకే ఇంకో వాయుగుండం వస్తోందని హార్బరు మూసేస్తున్నారట, కెప్టెన్ ఆగలేదట. "నీకు తెలుసనుకున్నా అణ్ణా" అన్నాడు.

నాకు తెలియదు. నీకు తెలుసు. అంతా తెలిసి, నేను గుమ్మడికాయ కొట్టానని గొప్పలు రాసిన ఆ ఉత్తరం చదువుకుని, ఊరుకున్నావు.

ఆ వారం రోజులు అక్కడ ఏం జరిగింది భువనా? నాకు చెప్పు. దాచడం మాత్రం వద్దు. నీకు దండం పెడతాను.

బావ

*

పోర్ట్ బ్లెయిర్,
జనవరి

బావా,

చెప్పకూడదనుకున్నాను. నువ్వు అడిగాక దాచడం నా చేతకాదు.

సరుకు దించుకోవడానికి నేను ఓడకు ముందే తుఫాను దెబ్బతిన్న దీవికి వెళ్ళాను. ఇళ్ళు లేవు. కప్పు ఎగిరిపోయిన బడిలో జనం, పైన ఆగని వాన. వాళ్ళలో ఒక పెద్దాయన ఉన్నాడు. టీకొట్టు ఆయనది, అదీ పోయింది. నేను తమిళం మాట్లాడతానని తెలిసి నన్ను పట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే వచ్చి, "ఏమ్మా, కప్పు ఎప్పుడు వస్తాది?" అని అడిగేవాడు. నేను ప్లాను అంతా ఆయనకు వివరించాను. "ఓడ వస్తోంది తాతా. తలుపు తీయగానే ముందు దిగేవి టార్పాలిన్లే. అలా పెట్టించింది నేనే" అన్నాను. ఆయన ఆ మాట బడిలో అందరికీ చెప్పాడు.

ఓడ వచ్చింది. ఆయన నా పక్కనే నిలబడ్డాడు. తలుపు తెరిస్తే, ముందు ఉండాల్సిన చోటు ఖాళీ. దాని వెనక బియ్యం మూటలు, నీళ్ళ డబ్బాలు, మందులు. అన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు. ఆయన, "సరేమ్మా, తర్వాతి దాంట్లో వస్తాది" అని నాకే ధైర్యం చెప్పాడు. రెండో ఓడ వచ్చేలోపల ఆయనకు జ్వరం, ఆయాసం. పోయాడు. ఊపిరితిత్తులు ముందునుంచే బాగాలేవని, కప్పు ఉన్నా దక్కేవాడో కాదో చెప్పలేమని డాక్టరు అన్నాడు. నేను ఆ మాట పట్టుకుని బతకాలని చూస్తున్నాను. బతకలేకపోతున్నాను.

తిరిగొచ్చేసరికి నీ ఉత్తరం నా బల్లమీద ఉంది. "ఆయమ్మకు మంచి జరగాల" అని. దానికి ఏం జవాబు రాయను? నిన్ను తిడితే ప్రేమను తిట్టినట్టు. తిట్టకపోతే ఆయన ప్రాణానికి విలువ లేనట్టు. అందుకే నాలుగు ముక్కలు రాసి పంపాను. నీకు ఎదురుపడే ధైర్యం లేకే ఊరు పేరు రాయలేదు.

ఆలస్యం ఎందుకైందో నేను రిపోర్టు రాయాలి. గేటు దగ్గర ట్రాఫిక్ అని రాసి పెట్టాను. అబద్ధం కాదు. ఇంకా సంతకం పెట్టలేదు. ఇక్కడ ఎవరికీ చెప్పుకోలేదు. భోజనాల దగ్గర అందరూ మాట్లాడుకుంటుంటే పళ్ళెం తీసుకుని గదిలోకి వచ్చేస్తున్నాను.

భువన

*

చూలై, చెన్నై,
ఫిబ్రవరి

భువనా,

ఇది రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. కలం ఆగని మనిషినని నువ్వు అంటావు. ఆగింది.

ముందు పని సంగతి. ట్రాఫిక్ అని రాయకు. అలా రాస్తే మీవాళ్ళు ఏం చేస్తారు? రోడ్డుమీద పోలీసుల్ని పెట్టిస్తారు. మళ్ళీ ఒక సోమవారం కబురు వస్తే, ఖాళీ రోడ్డు ముందు, నిండు లారీ పక్కన, తాళంచెవి జేబులో వేసుకుని నాలాంటివాడు ఇంకొకడు నిలబడతాడు. మన వీధిలో నేను కాకపోతే ఇంకొకరు, ఎవరైనా ఆపేవారే. కారణం రాయి. నా పేరూ రాయి. నీ మొగుడినని కూడా రాయి.

సంఘంలో అందరి ముందూ చెప్పాను, మనం ఆపినందువల్ల ఓడ తప్పింది, ఒక మనిషి పోయాడని. నన్ను చెడామడా తిడతారనుకున్నాను. వెంకటపతి మామ నా భుజం తట్టాడు. "ఆపిందే మంచిదప్పా. రాహుకాలంలో పోయుంటే ఆ ఓడే మునిగుండేది, ఎవరికి తెలుసు? ఆయన ఆయుస్సు అంతే దా. నువ్వు మనసులో పెట్టుకోవద్దు, కాఫీ తాగు" అన్నాడు. అందరూ తలలూపారు. ఒక్కడంటే ఒక్కడు తప్పు చేశావు అనలేదు. పుట్టినప్పటినుంచీ తిరిగిన వీధిలో, నావాళ్ళ మధ్య కూర్చుని, ఇంత ఒంటరితనం నేనెప్పుడూ ఎరగను. కాఫీ తాగకుండా లేచి వచ్చేశాను.

రాహుకాలం తప్పని నేను అనడం లేదు. మా నాన్న చూశాడు, ఆయన నాన్న చూశాడు. రేపు పొద్దున కొట్టు తెరిచేటప్పుడు నేనూ మళ్ళీ గడియారం చూస్తానేమో. కానీ నీకు మంచి జరగాలని చూసుకున్న ఆ గంటన్నర నాది కాదు. ఆ వానలో ఉన్నవాళ్ళది. అది నాకు తట్టలేదు. నీ ఒక్కదాని ముఖమే కనబడింది.

నువ్వు ఆ పెద్దాయన పేరు రాయలేదు. పేరు చెప్పు. ఎవరూ లేనివాడా, ఎవరైనా ఉన్నారా?

చెన్నై రమ్మని ఇక అడగను. నాకు ఆ మొహం లేదు. కానీ ఈ ఊళ్ళో నన్ను తిట్టే దిక్కు కూడా లేదు భువనా. తిట్టడానికైనా ఒకసారి రా.

కోదండరాం

*

పోర్ట్ బ్లెయిర్,
ఫిబ్రవరి

బావా,

తిట్టడానికి అంత దూరం రానక్కర్లేదు. ఇక్కడినుంచే అందుకో.

బుద్ధుందా నీకు? లారీ నిండా సరుకు పెట్టుకుని, సెల్వం నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, తాళంచెవి జేబులో వేసుకుంటావా? ఆడ జనం వానలో నానతా ఉంటే ఈడ నువ్వు గుమ్మడికాయ కొడతావా? చప్పట్లు ఒకటి! ఎవరు అడిగినారు నిన్ను నాకు మంచి చెయ్యమని? ఇన్నేళ్ళలో నాకు ఏం కావాల్నో ఒక్కసారైనా నోరు తెరిచి అడిగినావా, మూగదేవుడా?

రాస్తుంటే ఏడుపు వచ్చింది. ఏడ్చాను. తుఫాను తర్వాత ఇదే మొదటిసారి.

ఇక నీ వంతు. నన్ను తిట్టు. సోమవారం పొద్దున మన వీధిలో సరుకు కదలదని నీకన్నా నాకు తక్కువ తెలుసా? ఆ తాళ్ళ కట్టల మీద దూకుతూ పెరిగినదాన్ని. రాహుకాలం అనే మాట ఇంగ్లీషు కాగితాల మధ్య పెడితే తోటి ఆఫీసర్లు నవ్వుతారని సిగ్గుపడి వదిలేశాను. సోమవారాలు ఏడులోపలే లారీ కదలాలి అని ఒక్క వాక్యం రాసి ఉంటే, నీ రాహువుకూ నా ఓడకూ పేచీ ఉండేది కాదు.

రిపోర్టులో ఇదే రాశాను. నీ పేరు, నా పేరు, మనం ఏమవుతామో అదీ. పై అధికారి నవ్వలేదు. "నాకెందుకు చెప్పలేదు" అని మాత్రం అడిగాడు. ఆ ప్లాను ఇక నా చేతిలో ఉండదు. వేరే ఆయనకు ఇచ్చారు. వీధిని మాత్రం తీసెయ్యలేదు. ఆ వాక్యం చేర్చారు.

ఊరు పేరు రాసిచ్చాను. చెన్నై. మార్చిలో వస్తాను. నీమీద జాలితో కాదు. ఆ పెద్దాయన్ను ఇక్కడ ఒక్కదాన్నే మోయలేకపోతున్నాను. నువ్వూ అక్కడ మోస్తున్నావు, ఒక్కడివే. మనకు మాట్లాడుకోవడానికి ఏముందని భయపడ్డాను చూడు.

ఆయన పేరు కాళిముత్తు. మనవాడే బావా, మన చెన్నై రాయపురం మనిషి. వయసులో ఉండగా చేపల పడవ వదిలేసి ఈ దీవులకు వచ్చాడట. చెల్లెలు ఇంకా అక్కడే, చేపల హార్బరు దగ్గర ఉందట. అన్న పోయాడని ఆమెకు కబురు వెళ్ళింది. ఎలా పోయాడో ఎవరూ చెప్పలేదు. మనమే చెప్పాలి.

ఇది చదవగానే చొక్కా వేసుకుని రాయపురం బయలుదేరతావని నాకు తెలుసు. ఒక్కడివే వెళ్ళకు. నేను వచ్చేదాకా ఆగు.

నీ భువన